పగతో పూయించిన మల్లె

కుసుమాచల రాజ్యంలో ఒకప్పుడు పూలు కొనేవాళ్ళే ఉండేవారు కాదు. గడప దాటితే మల్లె, గోడ దాటితే సన్నజాజి, పొలం గట్టున తంగేడు. అలాంటి చోట ఒక ఏడాది ఒక్క మొగ్గ కూడా విచ్చుకోలేదు. మొక్కలు ఆకులు వేశాయి, తీగలు పాకాయి, పందిళ్ళు నిండాయి, పువ్వు మాత్రం లేదు. పువ్వు లేకపోతే ఏమైంది, జడ బోసిగా ఉంటుంది, అంతేగా అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు బుద్ధి తక్కువ. పువ్వు లేనిదే పిందె లేదు, పిందె లేనిదే కాయ లేదు. సొరపాదు కాయలేదు, మామిడి పూత పట్టలేదు, కంది చేను ఉత్తి ఆకుతో నిలబడింది. మరుసటి ఏడు వచ్చేసరికి గాదెలు ఖాళీ అయ్యాయి, పిల్లలు ఆకలితో ఏడవడం మొదలుపెట్టారు.

దీనికంతటికీ కారణం మోడాసురుడనే రాక్షసుడు. తాటిచెట్టంత పొడుగు, గుమ్మడికాయంత ముక్కు. వాడు ఒకనాడు ఉత్తరపు కొండలు దిగి వచ్చి, రాజుగారి తోటలో నిలబడి, ఆ ముక్కుతో ఒక్క పీల్పు పీల్చి, రాజ్యంలోని పూతనంతా కడుపులోకి లాగేసుకున్నాడు. సైనికులు పారిపోయారు. రాజు కీర్తిధ్వజుడు మేడ తలుపులు వేయించుకున్నాడు. తీగలయ్య అనే తోటమాలి ఒక్కడే వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకున్నాడు.

"అయ్యా, నీకు పుణ్యముంటుంది. విత్తనానికైనా నాలుగు పూలు వదిలెయ్యి!" అని బతిమాలాడు.

మోడాసురుడు పకపకా నవ్వి కాలితో ఒక్క తన్ను తన్ని పోయాడు. ఆ దెబ్బకు మంచం పట్టిన తీగలయ్య మళ్ళీ లేవలేదు.

తీగలయ్యకు ఇద్దరు పిల్లలు. కొడుకు దవనయ్య, కూతురు గోరింట. తల్లి ఏనాడో పోయింది. తండ్రి కర్మకాండ ముగియగానే దవనయ్య కత్తి తీసుకున్నాడు.

"వాడి ప్రాణం ఒక మల్లెమొక్కలో ఉందట చెల్లీ. మొదలంటా నరికి వస్తా" అని బయలుదేరాడు. రాజకుమారుడు జయకేతుడు కూడా అంతకుముందు అదే మాట చెప్పి వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

గోరింట వాకిట్లో కూర్చుని అన్న కోసం ఎదురుచూసింది. కార్తీకం పోయింది, మార్గశిరం వచ్చింది. తీగలయ్య ఉన్నప్పుడైతే అది మల్లెలతో అలిగే కాలం. ఆ ఊరి తోటమాలుల ఆచారం అది. చలికాలంలో మల్లెతోటకు నీళ్ళు ఆపేస్తారు, మందను తోలి ఆకు మేపేస్తారు, కొమ్మల చివర్లు కత్తిరించి, వేళ్ళకు ఎండ తగిలేలా మట్టి తవ్వేస్తారు, మొక్కతో మాట కూడా మానేస్తారు. చూసేవాళ్ళకు అది పగలాగే కనిపిస్తుంది. ఎండలు మొదలవగానే అలక తీర్చి నీళ్ళు పోస్తారు. అలక తీర్చే మొదటి కడవ ఎవరు పోస్తే తొలి పువ్వు వాళ్ళది. ఏటా తీగలయ్య ఆ కడవను గోరింట చేతనే పోయించేవాడు.

ఆ సంగతి గుర్తొచ్చి గోరింటకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఏడవలేదు.

"వాడు చచ్చేదాకా మా నాన్న కోసమైనా ఒక్క కన్నీటిబొట్టు రాల్చను" అని ఒట్టు పెట్టుకుంది. తండ్రి కొడవలి నడుముకు దోపుకుంది, బెల్లం, అటుకులు మూటగట్టింది.

పక్కింటి సోలమ్మ అడ్డం వచ్చింది. "ఒంటరి ఆడపిల్లవి, రాక్షసుడితో నీకెందుకే? ఊరుకోవే తల్లీ!"

"ఊరుకున్నవాళ్ళందరూ ఏం బావుకున్నారత్తా?" అని గోరింట వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

అడవిలో మొదట ఎదురుపడింది తేనెటీగల రాణి. పెద్ద బండకు వేలాడుతున్న తేనెపట్టు ఎండిపోయి గాలికి గలగలమంటోంది. గోరింట కిందికి రాగానే ఈగలు ఝుమ్మని చుట్టుముట్టాయి.

"ఆగు! నీ మూటలో తీపి వాసన వస్తోంది. పెడతావా, కుట్టి చంపమంటావా?" అంది పిడికిలంత ఉన్న రాణి.

గోరింట బెల్లం మొత్తం తీసి బండ మీద పెట్టింది. "కుట్టాల్సింది నన్నా, మోడాసురుణ్ణా? తిని బలం తెచ్చుకోండి. అవసరం పడుతుంది."

ఆ పేరు వినగానే రాణి రెక్కలు వణికాయి. "నా పిల్లలు ఆకలితో ఈ బండ మీదే రాలిపోయారమ్మా. వాణ్ణి కుట్టి చావాలని నాకూ ఉంది. కానీ వాడి తోలు రాయి. ముక్కు లోపల ఒక్కటే మెత్తన. దగ్గరకు పోతే ఊపిరితో లోపలికి లాగి మింగేస్తాడు."

"వాడు ఊపిరి బిగబట్టి ఉంటే?"

"బిగబడితే నా సామిరంగా! ముక్కులోనే కాపురం పెడతాం. కానీ అంత బుద్ధిహీనుడు ఎవడు?"

"ఆ రోజు నేను తెస్తా. నిన్ను పిలవడం ఎలాగ?"

"మల్లెవాసన ఒక్కటి గాలిలోకి వదులు చాలు. ఏడు కొండల అవతలున్నా వస్తాం."

అడవి దాటి కొండ ఎక్కితే అక్కడ గడ్డం నేలకు ఆనిన ముని ఒకడు కూర్చుని ఉన్నాడు. గోరింట దణ్ణం పెట్టి, మోడాసురుడి తోటకు దారి అడిగింది.

"ఎందుకమ్మా?"

"చంపడానికి స్వామీ."

ముని తలవంచుకున్నాడు. "వాడికి వరమిచ్చిన పాపం నాదే. ఘోరంగా తపస్సు చేశాడు. ఇవ్వక తప్పలేదు."

గోరింటకు ఒళ్ళు మండింది. "కొంగ కూడా ఒంటికాలి మీద నిలబడుతుంది, దానికీ ఇస్తారా వరం? ఎందుకురా నీకు అని ఒక్క మాట అడగొద్దూ? మీ వరం మా నాన్నను తినేసింది. శపిస్తే శపించండి, అనాల్సింది అనేశాను!"

ముని కోపంగా కమండలం ఎత్తాడు. పిల్ల బెదరలేదు. కాసేపటికి ఆయనే కమండలం దించి నిట్టూర్చాడు.

"తప్పు నాదైనప్పుడు శాపం నీకెందుకులే. విను. వాడి ప్రాణమున్న మల్లెకు చావు లేదు. మొదలు మీద కత్తి వేసినవాడు ముళ్ళపొద అయిపోతాడు. మొక్క మాత్రం రెట్టింపు చిగురిస్తుంది. ఆ మల్లె పూసి, వాసన వాడి ముక్కుకు తగిలితేనే వాడికి చావు. చుట్టుపక్కల పువ్వులను చూసి అదీ పూస్తుందేమోనన్న భయంతోనే మీ రాజ్యం పూతనంతా మింగాడు."

గోరింట ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనిపించింది. "పూయిస్తే చస్తాడా? అది మా ఇంటి విద్యే కదా!"

"అంత తేలిక కాదు. నీకు కోపం ఎక్కువ, కాస్త తగ్గించుకో."

"తగ్గించుకోను స్వామీ. అది తప్ప నా దగ్గర ఇంకేం మిగల్లేదు."

"పోనీ దాచుకో. పొంగిన పాలు పొయ్యిపాలు. తోడు పెట్టిన పాలే పెరుగవుతాయి" అని ముని దారి చూపించాడు.

తోట వాకిట్లో ఇనప కొమ్ముల పొట్టేలు కాపలా ఉంది. ఏనుగు పిల్లంత ఉంటుంది. "అడుగు వేశావంటే కుమ్మేస్తా!" అని కాలు దువ్వింది.

దాని ముందున్న ఎండుగడ్డి వైపు గోరింట జాలిగా చూసింది. "ఎదురుగా అంత పచ్చటి ఆకు పెట్టుకుని నీకు ఈ చెత్తా, పొట్టేలు మామా?"

"ఆకు ముట్టుకుంటే తోలు ఒలుస్తానన్నాడు. పుట్టినప్పటి నుంచీ చూడటమే గాని తిన్నది లేదు."

"మా ఊళ్ళో ఏటా మల్లెతోటలోకి మందను తోలి, బతిమాలి మరీ మేపిస్తాం."

పొట్టేలు నోట్లో నీళ్ళూరాయి. "నిజంగా బతిమాలుతారా?"

"నిజం. ఇప్పుడు నిన్నూ బతిమాలుతున్నా. రా, కడుపారా తిను!" అని గోరింట దాని మెడకున్న పలుపును కొడవలితో కోసేసింది.

లోపల అడుగుపెట్టగానే చల్లగా తగిలింది. చుట్టూ దట్టంగా నీడచెట్లు, మధ్యలో గడ్డివామంత మల్లెపొద. రాత్రీ పగలూ కాలువ నీళ్ళు దాని మొదట్లోకి పారుతున్నాయి, మోకాలెత్తున పేడ ఎరువు పోసి ఉంది. నిగనిగలాడుతున్న ఆకులను చూస్తే ఎవరైనా ఆహా అంటారు. గోరింటకు మాత్రం రోగం తెలిసిపోయింది. తిండి ఎక్కువై, ఎండ తక్కువై ఒళ్ళు బలిసిన మొక్క అది. అడక్కుండానే అన్నీ అందేవాడికి పని చేయబుద్ధి కానట్టు, అలాంటి మొక్కకు పూయబుద్ధి కాదు.

తోట చుట్టూ ఎత్తైన ముళ్ళకంచె ఉంది. అందులో ఒక పొదకు ఎర్ర రుమాలు చిక్కుకుని కనిపించింది. అది దవనయ్య రుమాలు. గోరింట దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఒట్టు గుర్తుంది కాబట్టి ఏడవలేదు.

"మీ అన్నా?" అని వెనక నుంచి ఉరుములాంటి గొంతు వినిపించింది. మోడాసురుడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "అవతలిది మీ రాజుగారి కొడుకు. అందరూ నా మొక్కను నరకబోయి నాకు కంచె అయ్యారు. ఫాల్గుణంలో కాముని పున్నమి సాయంత్రం ఈ పాత కంచెను తగలేసి చలికాచుకుంటా. తర్వాత కొత్త వీరులు వస్తారు, కొత్త కంచె అవుతుంది. నువ్వూ కత్తి తెచ్చావుగా? కానీ, నరుకు!"

గోరింట వాడి కళ్ళలోకి సూటిగా చూసింది. "నీ కాళ్ళు పట్టుకున్నవాణ్ణి తన్ని చంపావే, ఆయన కూతుర్ని. ఒక్క దెబ్బకు నరికితే నా కసి తీరదురా మోడా. దీన్ని రోజుకు కాస్త చొప్పున ఏడిపిస్తా. కాముని పున్నమి దాకా నాకు వదిలెయ్యి. నీళ్ళు పోయకు, నీడ ఇవ్వకు. అప్పటికీ ఇది చావకపోతే నన్నూ కంచెతో పాటు కాల్చెయ్యి."

మోడాసురుడికి కడుపుబ్బ నవ్వొచ్చింది. ఆ మొక్కకు చావు లేదని వాడికి తెలుసు. ఎప్పటికైనా ఈ పిల్ల సహనం చచ్చి మొదలు మీద కత్తి వేస్తుందనీ తెలుసు. కొండ మీద ఒంటరిగా పొద్దుపోక చస్తున్నవాడికి ఇంతకన్నా వినోదం ఏముంటుంది?

"సరే, ఏడిపించు! నేనూ చూస్తా" అని బండ మీద చతికిలబడ్డాడు.

ఆ రోజు నుంచి గోరింట తన పగ తీర్చుకోసాగింది. కాలువకు అడ్డుకట్ట వేసింది. నీడచెట్లను ఒక్కొక్కటిగా పడగొట్టి ఎండను లోపలికి రానిచ్చింది. పొట్టేలు మామ ఆకు అంతా మేసి, పుల్లలు మిగిల్చి, త్రేన్చింది. గోరింట కొమ్మల చివర్లు తెగ్గోసింది గాని కొడవలిని మొదలు దగ్గరకు పోనివ్వలేదు. ఎరువు లాగి పారేసింది. మొదలు చుట్టూ మట్టి తవ్వి వేళ్ళకు ఎండ చూపించింది. ఆ తర్వాత మల్లెకు వీపు పెట్టి, మూతి ముడుచుకుని కూర్చుంది.

"అబ్బబ్బ, ఎంత పగే పిల్లా నీది!" అని రాక్షసుడు చప్పట్లు కొట్టేవాడు. "నీ తోలు పున్నమినాడు ఒలుస్తాలే" అని పొట్టేలును బెదిరించేవాడు.

పుష్యం గడిచి మాఘం నడుస్తోంది. మల్లెపొద కట్టెపుల్లల మోపులా తయారైంది. గోరింటకు లోపల భయం పట్టుకుంది. తండ్రి పక్కన ఉండి చేయించడం వేరు, ఒంటరిగా చేయడం వేరు. అలక ఎక్కువై మొక్క పూయడం మానేస్తే? అన్న మంటల పాలవుతాడు. రుమాలు ఉన్న పొద దగ్గరకు వెళ్ళి, "అన్నా, నాన్న అయితే ఇంకెన్నాళ్ళు ఆగేవాడు?" అని అడిగేది. పొద ఏం చెబుతుంది, పాపం.

ఇది కనిపెట్టిన మోడాసురుడు ఒకనాడు దగ్గరకొచ్చి చెవిలో చెప్పినట్టుగా అన్నాడు. "మీ నాన్న ఎలా అరిచాడో తెలుసా? తన్నితే కుక్కపిల్లలా కుయ్యిమన్నాడు. నాలుగు పూలు, నాలుగు పూలు అంటూ ముక్కు చీదాడు." ఆ అరుపును అచ్చం అలాగే అరిచి కూడా చూపించాడు.

గోరింట కళ్ళకు అంతా ఎర్రగా కనిపించింది. కేక పెట్టి, కొడవలి రెండు చేతులా ఎత్తి మల్లె మొదలు మీదికి దూకింది. దెబ్బ పడబోయే క్షణంలో పరికిణీ దేనికో తగులుకుని వెనక్కి లాగింది. చూస్తే కంచెలోంచి సాగిన ముళ్ళకొమ్మ ఒకటి అంచును గట్టిగా పట్టుకుని ఉంది. దానికి ఎర్ర రుమాలు వేలాడుతోంది.

గోరింట కొడవలి దించింది. పొంగబోయిన పాలను పొయ్యి మీద నుంచి దించినంత పనయింది. మోడాసురుడి ముఖం చిన్నబోయింది.

ఫాల్గుణం వచ్చి ఎండ చురుక్కుమనగానే గోరింట లేచింది. రాక్షసుడి వంటపొయ్యిలోని బూడిద గంపకెత్తి తెచ్చి మల్లె మొదట్లో కుమ్మరించింది. పొట్టేలు మామ ఎరువును దానికి కలిపింది, మట్టి కప్పింది.

"దాని మొహాన బూడిద పోస్తున్నావా?" అన్నాడు మోడాసురుడు. "నీ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే!"

గోరింట తల దించుకుంది. "నిజమే. ఓడిపోయా. దీన్ని చంపడం నా వల్ల కాలేదు. కానీ ఇంత ఎండిన మొక్క మళ్ళీ చిగురిస్తుందంటే నేను నమ్మను. నీకూ అది చేతకాదు."

"నాకు చేతకాదా!" అని రాక్షసుడు ఎగిరిపడ్డాడు. ఏరు దగ్గరకు పరుగెత్తి, ఏనుగు పట్టే గంగాళం నిండా నీళ్ళు తెచ్చి, తన చేతులతో మల్లె మొదట్లో పోశాడు. అంతటితో ఆగక రోజూ పోశాడు. గోరింట పక్కనే నిలబడి, "అబ్బే, చిగురించదు" అంటూ వాణ్ణి రెచ్చగొడుతూనే ఉంది.

చిగురించింది. ప్రతి కణుపు నుంచీ లేత కొమ్మలు లేచాయి. ప్రతి కొమ్మ చివరా తెల్లగా, సన్నగా ఏవో పొడుచుకొచ్చాయి. పూలను దూరం నుంచి పీల్చడమే గాని, మొగ్గను ఏనాడూ దగ్గరగా చూడని మోడాసురుడు అవి కూడా చిగుళ్ళే అనుకున్నాడు. "చూశావా, చిగుళ్ళు పాలలా ఉన్నాయి!" అని మురిసిపోయాడు.

"చూశాను. నీ చేతిచలవ" అంది గోరింట.

కాముని పున్నమి వచ్చింది. పొద్దు వాలుతుండగా మోడాసురుడు కాగడా వెలిగించుకుని కంచె దగ్గరకు నడిచాడు. "ముందు మీ అన్న, తర్వాత నువ్వు!" అన్నాడు. సరిగ్గా అప్పుడే చల్లగాలి తిరిగింది. మల్లెపొదలో ఒక మొగ్గ విచ్చుకుంది.

గోరింట ఆ పువ్వును కోసి, అరచేతిలో పెట్టుకుని, వాడికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మా తోటమాలుల్లో ఒక ఆచారం ఉందిరా మోడా. మొదటి కడవ పోసినవాడిదే తొలి పువ్వు. పోసింది నువ్వే. ఇదిగో, నీది నువ్వు తీసుకో!"

తెల్లటి ఆ పువ్వును చూసి రాక్షసుడు అదిరిపడ్డాడు. కాగడా జారి పక్కనున్న గంగాళం నీళ్ళలో పడి ఆరిపోయింది. రెండు చేతులతో ముక్కు మూసుకుని, నోరు బిగించి, ఊపిరి బిగబట్టి కొండ వైపు పరుగు తీశాడు. కానీ మల్లెవాసన గాలిలో కలిసిపోయింది. అడవి మీద నుంచి నల్లటి మబ్బులా తేనెటీగలు వచ్చాయి. వేళ్ళ సందుల్లోంచి దూరి, ముక్కు లోపల ఎక్కడ మెత్తగా ఉందో అక్కడే కుట్టాయి. వాడు బాధతో చేతులు తీశాడు. పొట్టేలు మామ పరుగున వచ్చి ఇనప కొమ్ములతో పొట్టలో ఒక్క పోటు పొడిచింది. వాడు దాచుకున్న ఊపిరంతా ఒక్కసారిగా బయటికి పోయింది. దానితో పాటు వాడు మింగిన పూత కూడా రంగురంగుల గాలిలా కుసుమాచలం వైపు ఎగిరిపోయింది.

మోడాసురుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊపిరి పీల్చకపోతే చావు, పీలిస్తే చావు. "వదిలెయ్యి తల్లీ!" అని నోటితో కాక కళ్ళతో బతిమాలాడు.

"మా నాన్న కూడా వదిలెయ్యమనే అన్నాడు" అని గోరింట ఆ పువ్వును వాడి గుమ్మడికాయ ముక్కు దగ్గర పెట్టి, చెయ్యి కదల్చకుండా నిలబడింది.

వాడు పీల్చాడు. పీల్చక ఏం చేస్తాడు? మరుక్షణం అక్కడ రాక్షసుడు లేడు, ముక్కు ఉన్నచోట గుమ్మడికాయంత బుడిపెతో ఎండిన పెద్ద మోడు ఒకటి నిలబడి ఉంది.

కంచె మొత్తం కదిలింది. ఒళ్ళంతా గీరుకుపోయిన మనుషులు ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. ఎర్ర రుమాలు చేతిలో పట్టుకుని దవనయ్య వచ్చాడు.

"తోటమాలి కొడుకువై ఉండి మొదలంటా నరుకుతావా అన్నా?" అని గోరింట తిట్టడం మొదలుపెట్టింది. తిట్టు సగంలో ఆగిపోయింది. అన్న భుజం మీద తలపెట్టి, ఇన్నాళ్ళు దాచుకున్నదంతా వెక్కివెక్కి ఏడ్చింది. దవనయ్య కూడా ఏడ్చాడు. ఇద్దరూ తండ్రి కోసం ఏడ్చారు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి కుసుమాచలంలో కంది చేలు కూడా పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. రాజు ఎదురొచ్చి, సిగ్గుపడుతూ, ఏం కావాలో కోరుకోమన్నాడు. పొట్టేలు మామకు ఏటా రాజుగారి మల్లెతోటలో బతిమాలి మేత పెట్టాలని గోరింట కోరింది. రాజు సరేనన్నాడు. జయకేతుడు పెళ్ళి మాట ఎత్తితే, ఒక ఏడాది తోటలో మట్టి తవ్వి చూపించమంది. అతను నిజంగానే తవ్వాడు. అరచేతులు కాయలు కాశాక పెళ్ళి జరిగింది, కొన్నాళ్ళకు గోరింట రాణి అయింది.

రాణి అయ్యాక చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? బండ్లు కట్టించి మోడాసురుడి మోడును పెళ్ళగించి తెప్పించి, రాజుగారి తోటలో తీగలయ్య తన్ను తిన్నచోట పాతించింది. దాని మొదట్లో ఒక మల్లెతీగ నాటింది. తీగ మోడంతా అల్లుకుంది. మార్గశిరంలో దానితో అలిగి, ఫాల్గుణంలో అలక తీర్చి, మొదటి కడవ ఆమే పోసేది. ఆ తీగ ఏటా తొలి పువ్వును సరిగ్గా మోడు ముక్కు దగ్గరే పూసేది. గోరింట మాత్రం ఆ ఒక్క పువ్వును ఎవరినీ కోయనిచ్చేది కాదు.

"అది వాడి వాటా, పీల్చనివ్వండి" అనేది.